జాన్ పీల్ సెషన్స్ అంటే లైవ్ కచేరీలా?

కాదు, బీబీసీ రేడియోలో పాటలు వినిపించే డీజే జాన్ పీల్ షో కోసమని బ్యాండ్‌లను బీబీసీ స్టూడియోకి పిలిచి, మామూలుగా ఒకే రోజులో ఓ నాలుగు పాటలు రికార్డు చేసి తర్వాత ప్రసారం చేసినవే పీల్ సెషన్స్.

ఎందుకంత శ్రమ, డిస్కులే వేయొచ్చుగా అనిపిస్తుంది. అప్పట్లో బ్రిటన్‌లో రేడియోలో డిస్కులు ఎన్ని గంటలు వేయాలో పరిమితి ఉండేది, దాన్ని నీడిల్ టైమ్ అనేవారు. డిస్కులే మోగుతుంటే తమకు పని ఉండదని సంగీతకారుల యూనియన్, అమ్మకాలు పడిపోతాయని రికార్డు కంపెనీలు పట్టుబట్టడంతో వచ్చిన ఆ పద్ధతి 1988 దాకా నడిచింది. మిగిలిన సమయాన్ని బీబీసీ సొంత రికార్డింగులతో నింపుకోవాలి. 1967లో బీబీసీ పాప్ సంగీత ఛానల్ రేడియో 1 మొదలైనప్పటి నుంచి 2004 అక్టోబరులో చనిపోయేదాకా అక్కడే పనిచేసిన పీల్, ఆ ఇబ్బందినే ఎవరికీ తెలియని కుర్ర బ్యాండ్‌లకు దారిగా మార్చారు. నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని ఇదే.

మాంచెస్టర్ బ్యాండ్ ది ఫాల్‌నే తీసుకోండి. తొలి ఆల్బమ్ రాకముందే, 1978లో, వాళ్ళకు మొదటి సెషన్ దక్కింది. 2004 వరకు మొత్తం 24 చేశారు.

చాలామంది పీలే దగ్గర కూర్చుని ఇవన్నీ రికార్డు చేయించారనుకుంటారు. నిజానికి ఆయన స్టూడియోకి వెళ్ళిందే అరుదు. ఎక్కువగా లండన్‌లోని మైడా వేల్ స్టూడియోల్లో బీబీసీ నిర్మాతలు, ఇంజనీర్లు ఆ పని చూసుకునేవారు, మాట్ ది హూపుల్ అనే రాక్ బ్యాండ్ డ్రమ్మర్ డేల్ గ్రిఫిన్ కూడా అలాంటి నిర్మాతే. పీల్ చేసింది బ్యాండ్‌లను ఎంచుకోవడం, వాటిని శ్రోతలకు వినిపించడం.