షుగర్, కాలిలో గడ్డ ఉన్నవాళ్లకు మైక్రోపార్టికల్స్ పరీక్ష చేయించాలా?

మీరు అడిగింది ఇది: "అమ్మకు 56 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. కాలు వాచింది, డాప్లర్ స్కాన్‌లో గడ్డ కనబడింది. రక్తంలో తిరిగే మైక్రోపార్టికల్స్ వల్లే గడ్డలు కడతాయని చదివాను. అనంతపురంలో రక్తమిచ్చి బెంగళూరుకు పంపిస్తే ఆ పరీక్ష చేస్తారంట. చేయించొచ్చా?"

వద్దు. డాప్లర్‌లో గడ్డ కనబడ్డాక మందు దాన్ని బట్టే మొదలవుతుంది. మైక్రోపార్టికల్స్ లెక్క ఎంతొచ్చినా ఆ మందూ మారదు, మోతాదూ మారదు. ఇంకా పెద్ద కారణం ట్యూబులో ఉంది, అది తర్వాత చెప్తా.

మీరు చదివింది మాత్రం అబద్ధం కాదు. ప్లేట్‌లెట్, తెల్లకణం, రక్తనాళం లోపలి పొర కణం, ఇట్లా ఏ కణమైనా రేగినా చావుకు దగ్గరైనా లోపల కాల్షియం పెరుగుతుంది. దాంతో పైపొర అక్కడక్కడ బుడిపెల్లా ఉబ్బి, తెగి రాలిపోతుంది. ఆ ముక్కలే మైక్రోపార్టికల్స్. ఎర్రకణం 7, 8 మైక్రాన్లుంటే ఇవి 0.1 నుంచి 1 మైక్రాన్ లోపే. మామూలుగా పొర లోపలి వైపు దాగి ఉండే ఫాస్ఫాటిడిల్‌సెరిన్ అనే కొవ్వు వీటిలో బయటికి తిరిగి ఉంటుంది. గడ్డకట్టించే ప్రోటీన్లు కూర్చుని పని చేసుకునే అరుగు అదే. మోనోసైట్లు అనే ఒక రకం తెల్లకణాలు, కొన్ని క్యాన్సర్ కణాలు వదిలే ముక్కలైతే టిష్యూ ఫ్యాక్టర్‌ను, అంటే గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే ప్రోటీన్‌ను కూడా మోసుకు తిరుగుతాయి. ప్యాంక్రియాస్ క్యాన్సర్‌లో గడ్డలు అంతగా కట్టడానికి అదొక కారణమని గట్టిగా అనుమానిస్తారు. 1967లో పీటర్ వుల్ఫ్ అనే పరిశోధకుడు వీటికి పెట్టిన పేరు "ప్లేట్‌లెట్ దుమ్ము". ఇది ఉత్త దుమ్ము కాదని చెప్పడానికి స్కాట్ సిండ్రోమ్ చాలు. అది చాలా అరుదైన జన్యులోపం. ఆ కొవ్వును బయటికి తిప్పే ప్రోటీన్ పని చేయదు, ముక్కలూ సరిగా రాలవు. ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉన్నా వాళ్లకు రక్తస్రావం తేలిగ్గా ఆగదు.

షుగర్‌లో, గుండెపోటులో, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్‌లో, మెదడుకెక్కే మలేరియాలో ఈ లెక్క పెరుగుతుంది. అయితే పెరిగింది కాబట్టి రోగానికి అదే కారణం అనేయడం తొందరపాటు. శెనక్కాయల మిషన్ కింద పొట్టు ఎక్కువ పడిందంటే మిషన్ గట్టిగా తిరిగిందని తెలుస్తుంది. మిషన్‌ను పొట్టు తిప్పిందనరు కదా. ఇక్కడ పొట్టు కూడా కొంత పని చేస్తుంది, చిక్కంతా అక్కడే.

ఇప్పుడు ట్యూబు సంగతి. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. చేతికి బిగించిన పట్టీ నిమిషం దాటినా విప్పలేదు. సన్నని సూది, సిరంజితో బలంగా లాగి ట్యూబులోకి తోశారు. పైగా జాగ్రత్త అనుకుని ఐస్ ప్యాకుల మధ్య పెట్టి థర్మాకోల్ డబ్బా మూసి బస్సెక్కించారు. చలి తగిలితే చాలు, ప్లేట్‌లెట్లు రేగుతాయి. పెనుకొండ దాటి బాగేపల్లి చేరేలోపు ప్రతి కుదుపుకూ ఇంకాస్త రేగి ముక్కలు రాలుస్తాయి, ఎర్రకణాలు పగిలి వాటి ముక్కలూ కలుస్తాయి. ల్యాబుకు చేరేసరికి అక్కడ లెక్కించేది మీ అమ్మగారి ఒంట్లోవి కావు, దారిలో పుట్టినవి. రిపోర్టు మీద అంకె మాత్రం చక్కగా అచ్చవుతుంది.

సరిగ్గా చేయాలంటే పద్ధతి ఇది. పరగడుపున తీయాలి, తిన్నాక రక్తంలో తేలే కొవ్వు బిందువులు కూడా ఇదే సైజులో ఉండి లెక్కను చెడగొడతాయి. 21 గేజ్ సూది, పట్టీ వదులుగా, మొదటి 2, 3 మిల్లీలీటర్లు పారేసి, ఆ తర్వాతది 3.2 శాతం సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఉన్న నీలం మూత ట్యూబులోకి. ట్యూబు నిలువుగా, గది వేడిమిలోనే ఉండాలి, రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌కు, అంటే ట్యూబును గిరగిరా తిప్పి కణాల్ని అడుక్కి దించే మిషన్‌కు చేరాలి. 2500 జీ (భూమి ఆకర్షణకు 2500 రెట్లు) దగ్గర 15 నిమిషాలు, బ్రేకు వేయకుండా. తెల్లపొర మీద ఒక సెంటీమీటరు ప్లాస్మా వదిలేసి పైది తీసి, మళ్లీ అంతే సేపు తిప్పాలి. ఈ రెండోసారి మానేస్తే మిగిలిన ప్లేట్‌లెట్లు ఫ్రీజర్‌లో పెట్టి కరిగించేటప్పుడు పగిలి, కొత్త ముక్కల్ని పుట్టిస్తాయి. దాచేది మైనస్ 80లో.

అక్కడితో అయిపోలేదు. ముక్కల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి లెక్కించే మిషన్ ఫ్లో సైటోమీటర్. అందులో ఆ బయటికి తిరిగిన కొవ్వుకు అతుక్కునే అనెక్సిన్ రంగు అంటాలంటే కాల్షియం కలపాలి. బఫర్‌లో ఫాస్ఫేట్ ఉంటే కాల్షియం ఫాస్ఫేట్ పలుకులు కట్టి, అవీ మైక్రోపార్టికల్స్‌లాగే లెక్కలో పడతాయి. అందుకే ఫాస్ఫేట్ లేని హెపీస్ బఫర్, అదీ వడగట్టింది వాడాలి. చివర్లో కొంచెం ట్రైటాన్ (కొవ్వు పొరల్ని కరిగించే సబ్బులాంటి రసాయనం) కలిపి మళ్లీ చూడాలి. నిజంగా పొర ముక్కలైతే కరిగి మాయమవుతాయి, మాయం కానివి ప్రోటీన్ ముద్దల్లాంటివి. ఈ ట్రైటాన్ పరీక్ష చేశారా అని ల్యాబును అడగండి. జవాబు రాకపోతే ఆ అంకెకు విలువ లేదు.

మీ అమ్మగారికి ఇంతకంటే ముఖ్యమైన నీలం మూత ట్యూబు ఇంకొకటుంది. గడ్డకట్టడాన్ని తగ్గించే వార్ఫరిన్ గానీ ఎసెనోకుమరాల్ గానీ రాశారంటే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మాటిమాటికీ ఉంటుంది. ట్యూబు మీది గీత దాకా నింపనివి కూడా ల్యాబులకు పోతుంటాయి, ఒక్కోసారి ఎవరూ వెనక్కి పంపరు. ఇది నిజంగా బాధ కలిగించే విషయం. 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్‌కు రక్తం 2.7 పడాలి. తక్కువ పడితే సిట్రేట్ ఎక్కువై ఐఎన్ఆర్ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి మందు తగ్గిస్తే లోపల గడ్డ పెరగొచ్చు. సగం నిండిన రెండు ట్యూబుల్ని ఒకదాంట్లోకి వంపినా, వేరే రసాయనం ఉండే ఊదా మూత ట్యూబులోది దీంట్లో పోసి గీత దాకా తెచ్చినా ఫలితం తప్పే. బటర్‌ఫ్లై సూదితో తీస్తుంటే గొట్టంలోని గాలి మొదటి ట్యూబులోకి పోయి రక్తం తగ్గుతుంది, అందుకని ముందు ఒక ఖాళీ ట్యూబు పట్టమనండి. ఈసారి రక్తం తీసేటప్పుడు పక్కనే నిలబడి గీత చూడండి. చేరకపోతే "ఇంకోటి తీయండమ్మా" అని అక్కడే అడగండి.