ఏమీ లేదంటారు గానీ... నెబ్రాస్కా మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మావారి ఉద్యోగం అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, ఒమాహాలో. మార్చి చివర్లో అమ్మానాన్న వస్తున్నారు, నాలుగు రోజులు సెలవు దొరికింది. ఎవర్నడిగినా "నెబ్రాస్కాలో ఏముందండీ, మొక్కజొన్న తప్ప" అంటున్నారు. కొలరాడో వెళ్లిపోమంటారా?

జవాబు: వద్దండీ, అందులోనూ మార్చిలో అస్సలు వద్దు. ఏమీ లేదనేవాళ్లంతా దాదాపు ఐ-80 హైవే మీద కొలరాడోలోని డెన్వర్‌కి పోతూ కారు అద్దంలోంచి చూసినవాళ్లే. ఆ రోడ్డు చాలా దూరం ప్లాట్ నది లోయ పట్టుకునే పోతుంది. నేల చదును, పక్కనే నీళ్లు, అందుకే 1840ల్లో ఒరెగాన్‌కి ఎడ్లబళ్లు కట్టుకుని పోయినవాళ్లు కూడా అదే దారి పట్టారు, తర్వాత రైలు పట్టాలూ అక్కడే పడ్డాయి, ఆ తర్వాత ఐ-80. అంటే చదునుగా ఉన్న చోటు వెతుక్కుని మరీ రోడ్డేసి, ఇదేంటి ఇంత చప్పగా ఉంది అని తిట్టుకుంటున్నాం అన్నమాట.

మీరు మాత్రం ఆ రోడ్డు మీదే మూడు గంటలు వెళ్లి కార్నీ అనే ఊళ్లో దిగండి (స్పెల్లింగ్ చూసి కియర్నీ అనకండి, నవ్వుతారు). ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా శాండ్‌హిల్ క్రేన్లు అక్కడ ఆగుతాయి, 5 లక్షలకి పైనే. కొంగలు అనేస్తాం గానీ ఇవి బెగ్గురు జాతి. రాత్రి నక్కలవీ బాధ లేకుండా నది మధ్య లోతులేని నీళ్లలో నిలబడి నిద్రపోతాయి, పొద్దున్నే లేచి కోతలైపోయిన చేలల్లో రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకు తిని బాగా ఒళ్లు చేసి, అక్కడ్నించి కెనడా, అలాస్కా, కొన్నైతే ఏకంగా సైబీరియా. మనవాళ్లు వెక్కిరించే ఆ మొక్కజొన్నే వాటికి దారిబత్తెం!

గిబ్బన్ ఊరి దగ్గర రో పక్షుల శాంక్చురీలో నది ఒడ్డున చెక్క గదులుంటాయి, బ్లైండ్స్ అంటారు, వాటికి చాలా ముందే బుక్ చేసుకోవాలి. తెల్లారకముందే వెళ్లి చీకట్లో మాట్లాడకుండా కూర్చోవాలి, ఫ్లాష్ కొట్టకూడదు, చలి మామూలుగా ఉండదు. పెద్దవాళ్లకి అది కష్టమనిపిస్తే సాయంత్రం ఫోర్ట్ కార్నీ దగ్గర పాత రైలు బ్రిడ్జి ఉంది, ఇప్పుడు నడవడానికే, పార్క్ పర్మిట్ తీసుకుని పొద్దుగూకే ముందు దాని మీద నిలబడండి. ముందు చప్పుడు వినిపిస్తుంది, తర్వాత ఆకాశం నిండిపోతుంది. నన్నడిగితే రెండు రాత్రులు అక్కడే ఉండాలి, ఒకరోజు మబ్బో మంచో పడినా ఇంకో రోజు మిగులుతుంది.

మిగతా రోజుల్లో స్కాట్స్ బ్లఫ్, చిమ్నీ రాక్ అనే రాతి గుట్టల కోసం పడమరకి పరిగెత్తకండి, కార్నీ నుంచి ఇంకో నాలుగు గంటల దాకా పడుతుంది, అమ్మానాన్నలతో అంత అవసరమా. వచ్చేటప్పుడు లింకన్‌లో ఆగి స్టాండింగ్ బేర్ విగ్రహం చూపించండి. అమెరికా ఆదివాసీల్లో పోంకా తెగ పెద్ద ఆయన. ప్రభుత్వం వాళ్లందర్నీ ఉన్న ఊరి నుంచి ఇప్పటి ఓక్లహోమాకి తోలేస్తే, అక్కడ చనిపోయిన కొడుకుని సొంత నేలలో పూడ్చిపెడదామని చలికాలంలో ఎముకలు పట్టుకుని నడిచొచ్చాడు, అరెస్టు చేశారు. 1879లో మీ ఒమాహాలోనే కేసు నడిచింది, చట్టం దృష్టిలో ఇండియన్ (అప్పట్లో ఆదివాసీల్ని అలా అనేవాళ్లు) కూడా మనిషే అని జడ్జి తీర్పిచ్చాడు. అంటే అప్పటిదాకా ఆ మాట కూడా కోర్టులో తేల్చుకోవాల్సిన పరిస్థితి. లింకన్‌కి దక్షిణాన గంటలోపే బియాట్రిస్ దగ్గర హోమ్‌స్టెడ్ పార్కు, 1862 చట్టంతో అయిదేళ్లు ఉండి సాగు చేస్తే ప్రభుత్వం 160 ఎకరాలు ఇచ్చిన కథ అక్కడ చెప్తారు. ఈ రెండూ ఒకేరోజు చూడండి, ఆ "ఖాళీ" భూమి ఎవరిదో మీ నాన్నగారే అడుగుతారు.

ప్రశ్న: లింకన్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. జూన్‌లో అయిదుగురు ఫ్రెండ్స్ కలిసి మూడు రోజులు ఎటైనా పోదామని. కొండల్లేవు కదా, ట్రెక్కింగ్ కుదరదు.

జవాబు: నీళ్లున్నాయిగా తమ్ముడూ. వేలంటైన్ అనే ఊరు వెళ్లి నయబ్రారా నదిలో కెనూ (చిన్న తెడ్డు పడవ) వేస్కోండి, దార్లో 63 అడుగుల స్మిత్ ఫాల్స్ దగ్గర ఆగొచ్చు. లేదా నెబ్రాస్కా స్పెషల్ ట్యాంకింగ్, అంటే పశువులు నీళ్లు తాగే పెద్ద గుండ్రటి తొట్టిలో బెంచీలేసి అందర్నీ కూర్చోబెట్టి నదిలో వదిలేస్తారు, అది గిర్రున తిరుగుతూ పోతుంది, మీరు చేయగలిగింది పెద్దగా ఏం ఉండదు. వచ్చేటప్పుడు హైవే 2 మీద శాండ్‌హిల్స్ గుండా రండి, అవి కొండల్లా కనిపించే ఇసుక దిబ్బలు, పైన గడ్డి పట్టుకుని ఉంది కాబట్టి ఎగిరిపోవట్లేదు. పెట్రోలు సగానికి రాగానే నింపేయండి, మ్యాపు ఫోన్లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, పొద్దుగూకాక జింకలు అడ్డొస్తాయి స్పీడు తగ్గించండి.

ప్రశ్న: మా బాబుకి 8 ఏళ్లు, డైనోసార్ల పిచ్చి. కార్‌హెంజ్ చూపించనా?

జవాబు: 1987లో పాత కార్లకి బూడిదరంగేసి ఇంగ్లండ్‌లోని పాత రాతి కట్టడం స్టోన్‌హెంజ్‌లా నిలబెట్టారు, అలయన్స్ ఊరి మీదుగా వెళ్తుంటే సరదాగా ఆగండి, దానికోసమే మాత్రం అంత దూరం వద్దు. బాబుకి యాష్‌ఫాల్ శిలాజాల పార్కు చూపించండి, రాయల్ అనే చిన్న ఊరి దగ్గర. డైనోసార్లు కావు, ఖడ్గమృగాలు! దాదాపు 1.2 కోట్ల ఏళ్ల కింద ఇప్పటి ఐడాహో వైపు అగ్నిపర్వతం పేలి బూడిద ఇక్కడిదాకా వచ్చి పడితే, అది పీల్చి నీటిగుంట దగ్గరే చచ్చిపోయినవి. చాలా ఎముకల్ని మ్యూజియంకి తీసుకెళ్లకుండా పడిన చోటే ఉంచి పైన షెడ్డేశారు, కొన్నిటి కడుపులో పిల్లలు కూడా ఉన్నాయి. చలికాలం మూసేస్తారు, తేదీలు చూసుకునే బయల్దేరండి.