ఎస్‌ఏపీ కోర్సు కంటే ముందు కాటా చీటీ

ప్రశ్న: మాది ఆదోని. మా పాప బీకాం కంప్యూటర్స్ చదివి, ఏడాదిన్నరగా ఇక్కడే ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తోంది. సీజన్‌లో రోజూ సాయంత్రం కాటా చీటీలు ముందర పెట్టుకొని వందకు పైగా ఎంట్రీలు టాలీలో కొట్టాలి. ఇట్లే ఉంటే ఎదుగూ బొదుగూ ఉండదని అమీర్‌పేటలో ఎస్‌ఏపీ నేర్చుకుంటానంటోంది. ఫీజు, హాస్టలు కలిపి లక్షన్నర. లోను తీయాలి. పంపించమంటారా సార్?

జవాబు: ఇప్పుడే వద్దండీ. పెద్ద కంపెనీలు లెక్కలు, కొనుగోళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీ, దాని మీద నాకు కోపమేమీ లేదు. కానీ పాప విసుక్కుంటున్న ఆ చీటీల పనిలోనే నేర్చుకోవాల్సింది చాలా ఉంది, అదీ ఫీజు లేకుండా.

పత్తి బండి కాటా ఎక్కగానే తూకం అక్కడి కంప్యూటర్‌లోకి వచ్చేసింది కదా. దాన్నే చీటీ మీద అచ్చు తీసి, ఎక్సెల్‌లో కొట్టి, మళ్లీ టాలీలో కొడుతున్నారు. ఒకే అంకె మూడు చోట్ల. పెద్ద కంపెనీల్లోనూ ఇదే బాధ: లెక్కలన్నీ ఎస్‌ఏపీలో ఉంటాయి, మేనేజరు మాత్రం ఎక్సెల్‌లో పంపమంటాడు. ఈ గొడవ తీర్చడానికే మైక్రోసాఫ్ట్, ఎస్‌ఏపీ కలిసి 2006లో డ్యూయెట్ అని ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాయి. అది పోయింది, గొడవ పోలేదు.

టాలీలోని లెడ్జర్లను ఓడీబీసీ (ఒక సాఫ్ట్‌వేర్‌లోని డేటాను ఇంకొకటి చదువుకునే దారి) ద్వారా ఎక్సెల్‌లోకి నేరుగా తెచ్చుకోవచ్చు. బయటి ఫైళ్లను తెచ్చి శుభ్రం చేసే పవర్ క్వెరీ అనే పనిముట్టు ఎక్సెల్ 2016 నుంచి అందులోనే ఉంది. కాటా ఫైలును శుభ్రం చేసే పద్ధతి ఒకసారి చూపిస్తే, మర్నాటి నుంచి రిఫ్రెష్ నొక్కితే చాలు. అక్కడి నుంచి టాలీలోకి పంపడానికి ఎక్స్‌ఎంఎల్ (సాఫ్ట్‌వేర్లు డేటా ఇచ్చిపుచ్చుకునే ఒక ఫైలు రకం) దారి ఎప్పటి నుంచో ఉంది. టాలీప్రైమ్ కొత్త వెర్షన్లు ఎక్సెల్ ఫైలునే తీసుకుంటాయి.

ఇంతవరకు ఎవరైనా నెలలో నేర్చుకుంటారు. చూడడానికి తెచ్చుకున్న లెక్క తప్పితే మళ్లీ తెచ్చుకోవచ్చు. టాలీలోకి పంపేటప్పుడే చెయ్యి వణకాలి. అదే ఫైలు పొరపాటున రెండుసార్లు పంపితే రైతుకు ఇవ్వాల్సిన బాకీ రెట్టింపై కూర్చుంటుంది. అందుకని ముందు బ్యాకప్ తీయాలి, ప్రతి ఎంట్రీకి చీటీ నంబరు తగిలించాలి, ఆ నంబరు ముందే ఎక్కి ఉందేమో చూసే ఏర్పాటు ఉండాలి. పేర్లదీ పెద్ద తలనొప్పే. కాటా దగ్గర ‘రామాంజనేయులు’, టాలీలో ‘రామాంజినేయులు’ అని ఉంటే కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. పార్టీకొక కోడ్ పెట్టుకుంటే తప్ప ఇది తెగదు. తేమ ఎక్కువుందని తూకంలో కోత పెడితే బిల్లుకు ఏ తూకం వెళ్లాలి? ఇది మీ పాపకు తెలుసు, కోర్సు చెప్పే ఆయనకు తెలియదు.

నేనూ ఒకసారి దెబ్బ తిన్నాను. పిల్లల స్టైపెండ్ కోసం బ్యాంకు ఖాతాల లిస్టు ఎక్సెల్‌లో చేసి పంపాను. ఖాతా నంబరు 16 అంకెలు. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల దాకానే ఉంచుకుంటుంది, ఆ తర్వాతిది సున్నా చేసేస్తుంది. డబ్బు వెనక్కి వచ్చాక గానీ నాకు తెలియలేదు. అలాంటి గడిని టెక్స్ట్‌గా పెట్టుకోవాలన్న సంగతి ఆ రోజుతో వంటబట్టింది.

దీనికి తోడు డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ కొంచెం నేర్చుకుంటే ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (కంపెనీ రిపోర్టులు తయారుచేసే పని), ఈఆర్‌పీ సపోర్ట్ (ఎస్‌ఏపీ లాంటి సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు సాయపడే పని) వంటి ఉద్యోగాలకు అప్లై చేయొచ్చు. ఇంటర్వ్యూలో ‘వంద ఎంట్రీల పని ఇలా తగ్గించాను’ అని చూపించే పిల్లకూ, సర్టిఫికెట్ ఒక్కటే చూపించే పిల్లకూ తేడా ఉంటుంది. ఎస్‌ఏపీ ఫైనాన్స్ వైపు వెళ్లాలన్నా కొనుగోళ్లు, చెల్లింపులు తెలిసినవాళ్లకే అది తొందరగా ఎక్కుతుంది. అప్పుడు కోర్సు చేస్తే డబ్బు దండగ కాదు.

అక్టోబరులో పత్తి సీజన్ మొదలయ్యేలోపు సేటును అడిగి, ఆయన సరేనంటేనే, నిరుటి కాటా డేటా కాపీ తీసుకోమనండి. ప్రాక్టీసుకు టాలీలో వేరే కంపెనీ (అంటే వేరే లెక్కల పుస్తకం) సృష్టించుకోవాలి, మిల్లు లెక్కల జోలికి అస్సలు పోకూడదు. ఒక వారం చీటీలు అందులోకి పంపి, మొత్తం క్వింటాళ్లు, మొత్తం రూపాయలు నిరుటి పుస్తకంతో సరిపోయాయో లేదో చూసుకోమనండి. లోను కాగితాల మీద సంతకం దసరా దాకా ఆపండి.