మెట్లు ఉన్నాయి కదా అని దిగనివ్వకు

చిట్టి సింధూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, పిల్ల మమ్మల్ని ఇటలీ తీసుకెళ్తోందే! ఏదో సరస్సు పక్కన పెద్ద బంగళా అట, నాలుగు రోజులు అక్కడే ఉండాలట" అంది. సంతోషంతో దానికి మాట కూడా సరిగ్గా రాలేదు. ఏ సరస్సే అంటే పేరు తెలియదంది. రాత్రి నువ్వు పంపిన ఫోటోలు మీ పెదనాన్న ఫోన్‌లో చూశాను. పసుపు గోడలు, ఆకుపచ్చ కిటికీ తలుపులు, తోట చివర నీళ్ళలోకి దిగే రాతి మెట్లు. కోమో సరస్సు, వరెన్నా ఊరు. ఆ మెట్లు చూడగానే నా గుండె గుభేలుమంది.

మేం వెళ్ళింది అక్కడికేనమ్మా. 2008 మే నెలలో. మా కిరణ్‌కి జర్మనీలో ఉద్యోగం వచ్చిన కొత్త. దాచుకున్న డబ్బంతా పెట్టి మా ఇద్దరికీ రెండు రాత్రులు సరస్సు ఒడ్డున గెస్ట్‌హౌస్ బుక్ చేశాడు. ఇప్పుడు నువ్వు మీ అమ్మానాన్నలకి చేస్తున్నట్టే. నిన్న కన్నీళ్ళు వచ్చాయి. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటి వరండాలో కూర్చుని అట్లాసులో వేలు పెట్టి ఊళ్ళు వెతికేదానివి. ఆ వేలితోనే ఇవాళ టికెట్లు తీశావు.

సరే, చెప్పాల్సినవి చెబుతాను. వీసాకి కావలసిన ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదని నీకు తెలిసే ఉంటుంది. గెస్ట్‌హౌస్‌లో దిగగానే పాస్‌పోర్టులు అడుగుతారు. దిగిన వాళ్ళ వివరాలు పోలీసులకి పంపడం అక్కడి చట్టం, మీ నాన్న కంగారు పడకుండా ముందే చెప్పు. తలకింత, రాత్రికింత అని ఊరి పన్ను ఒకటి విడిగా కట్టాలి, అది మోసం కాదు. మిలాన్ సెంట్రాల్ స్టేషన్‌లో సొంద్రియో వైపు వెళ్ళే రైలెక్కితే గంట పైచిలుకులో వరెన్నా. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీదున్న మెషీన్‌లో ముద్ర వేయించాలి. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, లెక్కో దాటాక సరస్సంతా అటే. స్టేషన్ పైన, ఊరు కింద. సందులన్నీ రాతి మెట్లే. నలుగురికి సరిపడే పెద్ద సూట్‌కేస్ తీసుకెళ్తానని మీ అమ్మ అప్పుడే మొదలుపెట్టింది, ఒప్పుకోకు. చిన్నవి రెండు చాలు.

స్నానాల గదిలో షవర్ పక్కన ఒక తాడు వేలాడుతుంటుంది. అది బట్టలు ఆరేసుకునేది కాదు, ఆపదలో లాగే తాడు. మీ అమ్మకి ఈ ముక్క రెండుసార్లు చెప్పు.

తిండి సంగతి. మీ అమ్మ గుడ్డు కూడా ముట్టదు కదా. "సెన్‌జా కార్నే, సెన్‌జా పెష్షే" అంటే మాంసం వద్దు, చేప వద్దు అని. ఆ మాట అన్నంత మాత్రాన సరిపోదు. రిసోత్తో అని అన్నం లాంటిది తెస్తారు, చూడ్డానికి శాకాహారమే, ఉడికించింది మాత్రం చాలాసార్లు మాంసం కాచిన నీళ్ళలో. ఆ కాచిన నీళ్ళనే "బ్రోదో" అంటారు, అది దేనితో చేశారని అడుగు. పైన చల్లే పర్మిజానో చీజ్‌లో కూడా దూడ కడుపులోంచి తీసిన తోడు కలుపుతారు. ఆ సంగతి దానికి చెప్పి, తినడం మానడం దాని ఇష్టానికే వదిలెయ్. పొలెంతా అడుగు, అచ్చం మన మొక్కజొన్న సంకటి. వెన్న కూడా చీజ్‌లాగే పైన వేసి తెస్తారు. పెరుగు కొట్లో దొరుకుతుంది, "బియాంకో" అని రాసి ఉన్నది తీసుకో, లేకపోతే పళ్ళు కలిపిన తియ్యటిది వస్తుంది. గదిలో కుక్కర్ మాత్రం పెట్టొద్దు, పొగ అలారం మోగుతుంది.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను. మీ పెదనాన్న పొద్దున్న వద్దన్నారు, మధ్యాహ్నానికి సరే రాయి అన్నారు. ఇన్నేళ్ళూ కిరణ్‌కి కూడా చెప్పలేదు.

కిరణ్ మమ్మల్ని దింపి ఆ రాత్రే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చి తీసుకెళ్తానని. మర్నాడు పొద్దున్న టిఫిన్ గదిలో ఒక కాగితం మీద గది అద్దె కనబడింది. రాత్రికి 180 యూరోలు. అప్పుడు యూరో 65 రూపాయలు. నేను వేళ్ళ మీద లెక్క వేశాను. దాదాపు పదకొండు వేల ఏడు వందలు, అదీ ఒక్క రాత్రికి. నా బిడ్డ చలి దేశంలో పాత కోటు వేసుకుని తిరుగుతూ ఈ డబ్బు దాచాడు కదా అనిపించింది. ఆ క్షణం నుంచి నాకు సరస్సు కనబడలేదు, అద్దె కనబడింది. టేబుల్ మీద బ్రెడ్డు మిగిలితే రుమాల్లో చుట్టుకున్నాను. తోటలో కుర్చీలు ఖాళీగా ఉంటే, డబ్బు కట్టాం కదా అని ఒక్కోదాన్లో కాసేపు కూర్చున్నాను. మీ పెదనాన్న ఆ ఊళ్ళోనే ఉన్న విల్లా మొనాస్తెరో అనే పాత భవంతి చూద్దామన్నారు. 1954లో అణు శాస్త్రవేత్త ఫెర్మీ వచ్చి పాఠాలు చెప్పిన చోటట, ఫిజిక్స్ లెక్చరర్‌కి గుడితో సమానం కదా. టికెట్ ఎంతో, ఇక్కడ కట్టిన డబ్బుకి ఇక్కడే ఉందాం అన్నాను. పాపం, సరే అన్నారు.

మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ చురుక్కుమంటోంది. తోట చివర మెట్ల మీద కూర్చున్నాం. పొద్దున్న అద్దంలా ఉన్న నీళ్ళు అప్పటికి చిన్న చిన్న అలలతో గోడకి తగులుతున్నాయి. మధ్యాహ్నం దక్షిణం నుంచి బ్రెవా అనే గాలి లేస్తుందట అక్కడ, తర్వాత తెలిసింది. అప్పుడన్నాను, నా నోటితో నేనే అన్నాను: "ఈ మెట్ల కోసమే కదా అంత డబ్బు పోశాడు వాడు. వైశాఖ మాసం, పుణ్యం కూడా. ఒక్క మునకైనా వేయండి." నీళ్ళు చల్లగా ఉన్నాయేమో అన్నారు. "కృష్ణ ఈదిన మనిషి మీరు, ఇదెంత?" అన్నాను.

తువ్వాలు నా చేతికిచ్చి దిగారు. మొదటి మెట్టు, రెండోది, మూడోది. మోకాళ్ళ దాకా వచ్చాయి నీళ్ళు. నాలుగో మెట్టు మీద పచ్చటి పాకుడు. కాలు జారింది. ఆ తర్వాత మెట్టు లేదు.

మునిగి పైకొచ్చారు. నోరు తెరిచి ఉంది, మాట లేదు. అది నాకు ఇప్పటికీ నిద్రలో కనబడుతుంది సింధూ. మునిగిపోయే వాళ్ళు అరుస్తారనుకుంటాం, అరవరు. ఊపిరి కోసం ఎగబీల్చడమే తప్ప ఆయనకు గొంతు లేవలేదు. ప్రకాశం బ్యారేజీ ఎగువన చిన్నప్పుడు గంటలకొద్దీ ఈదిన మనిషి రెండు చేతులూ కదపలేకపోయారు. గోడకి పడవలు కట్టే ఇనుప రింగు ఒకటి ఉంది. అది అందింది. రెండు చేతులతో పట్టుకుని వేలాడారు. అల వచ్చినప్పుడల్లా గెడ్డం మునుగుతోంది. నేను తువ్వాలు విసిరాను, అందలేదు. నాకు ఈత రాదు, భాష రాదు. "అయ్యో రండి, ఎవరైనా రండి" అని తెలుగులోనే అరిచాను.

కంచె మొక్కలు కత్తిరిస్తున్న తోటమాలి పరుగెత్తుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. దిగలేదు. మెట్ల మీద బోర్లా పడుకుని మణికట్టు పట్టుకుని, నన్ను తన కాళ్ళ మీద కూర్చోమని సైగ చేసి, లాగాడు. పైకి తెచ్చాక కోప్పడలేదు, కంబళి కప్పి వేడి పాలు తెచ్చాడు. తర్వాత గోడ మీదున్న చిన్న బోర్డు వైపు చెయ్యి చూపించాడు. పొద్దున్నుంచీ ఆ బోర్డు నా కళ్ళెదుటే ఉంది, ఆ తోట పేరేమో అనుకున్నాను. "దివియేతో" అని ఉంటే వద్దు, నిషేధం అని అర్థం. ఇంకేం నేర్చుకోకపోయినా మీ ముగ్గురూ ఆ మాట నేర్చుకోండి. ఆపదకి నంబర్ 112.

కొన్నాళ్ళకి మీ పెదనాన్న నాకు వివరంగా చెప్పారు. గాలి కన్నా నీళ్ళు ఒంట్లో వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా లాగేస్తాయట. చన్నీళ్ళలో హఠాత్తుగా పడితే ఊపిరి దానంతట అదే లోపలికి ఎగదన్నుతుంది, ఆ క్షణంలో తల నీళ్ళ కింద ఉంటే నీళ్ళే పోతాయి. ఎవరైనా పడితే ఈదబోకుండా వెల్లకిలా తేలాలి, ఒకటి రెండు నిమిషాలకి ఊపిరి కుదుటపడుతుంది. ఆలస్యమైతే చేతులు పట్టు తప్పుతాయి. ఎండ ఎంత ఉన్నా లెక్కలేదు, ఆ నీళ్ళు ఆల్ప్స్ మంచు కొండల మీదినుంచి దిగేవి. ఒకప్పుడు మంచునది తొలిచిన లోయ కాబట్టి ఒడ్డు నుంచే నిట్టనిలువుగా దిగిపోతుంది. మధ్యలో లోతు 400 మీటర్లకు పైనే.

మీ నాన్న ధవళేశ్వరం మనిషి. గోదావరి అంటే ప్రాణం. నీళ్ళు కనబడితే ఆగడు. పెళ్ళయిన మూడో రోజే అన్నయ్యగారూ అంటూ మీ పెదనాన్నని రేవుకి లాక్కెళ్ళాడు. గోదావరి రేవులో మెట్టు తర్వాత మెట్టు ఉంటుంది, దాని తర్వాత కాలికి ఇసుక తగులుతుంది. ఇక్కడ తగిలేది ఏమీ లేదని చెప్పు. నా మాటగా చెప్పు. నవ్వి కొట్టిపారేస్తే ఈ ఉత్తరం చదివి వినిపించు. మీరు వెళ్ళేది జూన్ మొదట్లో కాబట్టి ఇంకా చలవే. అంతగా ఈదాలనుకుంటే ఫెర్రీలో మెనాజ్జో వెళ్ళండి, అక్కడ కాపలా ఉండే ఈత కొలను ఉంది. మీ అమ్మకి పుణ్యం కావాలంటే గదిలో గ్లాసు తీసుకెళ్ళి, నువ్వు ముంచి ఇవ్వు, తల మీద చల్లుకుంటుంది. పై మెట్టు మీద కూర్చునే సుమా!

ఇంకోటి. అద్దె ఎంతో మీ అమ్మకి తెలియనివ్వకు. అడుగుతుంది, దొంగచాటుగా బిల్లు వెతుకుతుంది, నా చెల్లెలు కదా. తెలిసిందా, నాలాగే అయిపోతుంది. కూతురు కష్టార్జితం అని ఒక్కో గంటకీ లెక్క కడుతుంది. అబద్ధం చెప్పమనను. నీకు అది సంతోషంగా కట్టిన డబ్బని చెప్పి ఊరుకో. మధ్యాహ్నం పడుకుంటానంటే పడుకోనివ్వు. ఇంత ఖర్చు పెట్టి పడుకుంటారా అని నువ్వు కూడా అనకు తల్లీ. దానికి పెళ్ళయిన దగ్గర్నుంచి మధ్యాహ్నం నిద్ర లేదు.

విల్లా మొనాస్తెరో మాత్రం తప్పకుండా చూడండి. మర్నాడు మేం వెళ్ళాం. ఒళ్ళంతా నొప్పులతోనే మీ పెదనాన్న ఆ హాలు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు. తోట సరస్సు పొడుగునా రెండు కిలోమీటర్లు ఉంటుంది, మీ అమ్మ మోకాళ్ళకి మధ్యమధ్య కూర్చోబెట్టు. ఊరికి దక్షిణంగా నడిస్తే ఫ్యూమెలాత్తె అని చిన్న ఏరు. పేరుకి అర్థం పాల ఏరు. కొండలోంచి తెల్లటి నురగతో దూకి 250 మీటర్లు పారి సరస్సులో కలిసిపోతుంది, అంతే దాని బతుకు. శీతాకాలం ఎండిపోయి వసంతంలో మళ్ళీ వస్తుంది. మీ అమ్మ దాన్ని చూస్తే చేతులు జోడిస్తుంది, ఎవరైనా చూస్తారని సిగ్గుపడి ఆపకు. బెల్లాజియోకి ఫెర్రీ పావుగంట. తిరుగు ఫెర్రీల్లో ఆఖరిది ఎన్నింటికో వెళ్ళగానే ఫోటో తీసి పెట్టుకో.

ఆ రింగు తుప్పు మీ పెదనాన్న అరచేతుల్లో గీతలా పట్టేసింది. వారం రోజులు సబ్బు పెట్టి తోమినా పోలేదు. కిరణ్ వచ్చి అడిగితే పడవ తాడు పట్టుకున్నానన్నారు. ఇప్పుడు వాడికీ ఈ ఉత్తరం నకలు పంపమంటున్నారు, పక్కనే కూర్చుని.

ఫెర్రీ ఎక్కాక వెనక్కి తిరిగి ఒడ్డున ఇళ్ళ వరస చూడు. మేం దిగినది గులాబీ రంగు ఇల్లు, నీ గెస్ట్‌హౌస్‌కి నాలుగైదు ఇళ్ళ అవతల ఉండాలి. ఇప్పటికి రంగు మార్చేశారేమో తెలియదు. దాని గోడకి నీళ్ళ మట్టంలో రింగు ఇంకా ఉందేమో మీ పెదనాన్న చూసి చెప్పమంటున్నారు. కనబడితే ఒక ఫోటో తియ్యి, పడవలోంచే.

ప్రేమతో,
పెద్దమ్మ