పీడీఎఫ్ చదవని ఫోన్, అడక్కపోయినా అన్నీ చదివే యాప్

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఏడో తరగతిలో ఒక పాపకు చూపు బాగా తక్కువ. నోట్స్ పీడీఎఫ్ చేసి వాళ్ల నాన్న ఫోన్‌కి పంపుతున్నాను. టాక్‌బ్యాక్ (తెర మీదున్నది పైకి చదివే సదుపాయం) ఆన్ చేస్తే తెలుగు చదవకుండా ఏవో ఇంగ్లిష్ అక్షరాలు గబగబా పలుకుతోంది. మా టీచర్ల గ్రూపులో ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్) వచ్చింది. ఏ పీడీఎఫ్ అయినా తెలుగులో చదివి పెడుతుందట. వేయించమంటారా?

జవాబు: వద్దండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నోట్స్ సంగతి.

ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఊరు, సబ్జెక్టు మారతాయి, అంతే. మీ నోట్స్ డీటీపీ సెంటర్లో అను లాంటి పాత ఫాంట్‌తో కొట్టించి ఉంటారు. కంటికి కనిపించేది తెలుగే. ఫైల్ లోపల ఉండేవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. వాటికి ఫాంట్ తెలుగు ముసుగు వేస్తుంది. టాక్‌బ్యాక్‌కి ముసుగుతో పని లేదు, లోపలున్నదే చదువుతుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇన్నేళ్లయినా పిల్లల వర్క్‌షీట్లు ఇంకా ముసుగులోనే తిరుగుతున్నాయంటే ఒళ్లు మండుతుంది.

ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంటే. లైను అసలు సెలెక్టే కాకపోతే అది పేజీ ఫొటో. ఇంకో తిరకాసు ఉంది. యూనికోడ్‌లో కొట్టినా పీడీఎఫ్ అయ్యేసరికి చాలాసార్లు ఒత్తులు చెదిరిపోతాయి. అందుకే ఆ పాపకు పీడీఎఫ్ మానేయండి. మామూలు మెసేజ్‌గా పంపండి, చాలు. అందంగా ఉండదు, కానీ ఫోన్ చదువుతుంది. ఫోన్లో తెలుగు వాయిస్ డౌన్‌లోడ్ అయి ఉందో లేదో కూడా చూడండి.

పాత నోట్స్ మళ్లీ కొట్టక్కర్లేదు. పేజీల ఫొటోలు తీసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మారుస్తుంది. ఒకసారి సరిచూసుకోండి. నేను ఒక పాత షీటుతో చూస్తే ‘ఓరుగల్లు’ కాస్తా ‘ఓరుగలు’ అయింది.

ఇక ఆ ఏపీకే. నాకు అసలు భయం దీంతోనే. వేయగానే అది యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది. తెర చదవాలంటే టాక్‌బ్యాక్‌కీ అదే కావాలి కదా, అడగడం సబబే అనిపిస్తుంది. దొంగలకు దొరికిన సందు ఇదే. ఆ పర్మిషన్ ఇచ్చాక తెర మీది ప్రతి అక్షరం చూడగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. ఓటీపీ చదువుతుంది. అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే ఆ పేజీని మూసేస్తుంది. పాప పాఠం వినే ఫోన్‌లోనే వాళ్ల నాన్న యూపీఐ ఉంటుంది, గుర్తుంచుకోండి.

ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వేసిన యాప్‌లకు ఆ పర్మిషన్ ఇవ్వబోతే ఫోన్ అడ్డుపడుతుంది. అప్పుడు ‘యాప్ ఇన్ఫోలో మూడు చుక్కలు నొక్కి అనుమతించండి’ అని ఒక వీడియో వస్తుంది. ఆ వీడియో వచ్చిందంటే అది దొంగ యాపే, ఇక అనుమానం అక్కర్లేదు. ఇప్పటికే ఎవరైనా వేసుంటే ముందు నెట్ ఆపమనండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. గ్రూపులో ఆ ఫైల్ కింద ‘థాంక్యూ సర్’ పెట్టినవాళ్లందరికీ ఈ మాట చేరవేయండి.

ప్రశ్న: మా క్లాసులో టచ్ ప్యానెల్ పాఠం మధ్యలో అప్‌డేట్ మొదలెడుతుంది. ఆపడం ఎలా?

జవాబు: సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ ఆఫ్ చేసి, బడి వదిలాక మీరే చేసుకోండి. ఈ ప్యానెళ్లు తయారుచేసేవాళ్లు నలభై అయిదు నిమిషాల పీరియడ్ ఎప్పుడూ చూసినట్టు లేరు. చిన్న చిన్న ఐకాన్లు పై మూలన, ఆరో తరగతి పిల్లాడికి అందనంత ఎత్తులో. వీల్‌చైర్‌లో వచ్చే పిల్ల సంగతి ఎవరికి గుర్తొచ్చింది? ఇంతకీ దాంట్లో యూట్యూబ్ కోసం మీ సొంత జీమెయిల్‌తో లాగిన్ అయ్యారా? అయితే మీ మెయిల్, ఫొటోలు తర్వాతి పీరియడ్ పిల్లల చేతికి అందుతున్నట్టే. అప్‌డేట్ కంటే ముందు అది సైనవుట్ చేయండి.