అమెరికాలో హోటల్ క్రెడిట్ కార్డులు బోలెడు, మన దగ్గర ఎందుకు లేవు? ఒక హోటల్ అకౌంట్స్ మనిషి జవాబు

డాలస్‌లో ఉన్న మీ అన్నయ్యకు హిల్టన్ కార్డు, మారియట్ కార్డు రెండూ ఉన్నాయనీ, ఏడాదికోసారి గది కూడా ఫ్రీగా వస్తోందనీ, ఇక్కడ వైజాగ్‌లో ఏ బ్యాంకులో అడిగినా తెల్లమొహం వేస్తున్నారనీ రాశారు. మనకూ పెద్ద హోటళ్లు ఉన్నాయి కదా, మరి కార్డులెందుకు లేవన్నది మీ ప్రశ్న. బీచ్ రోడ్‌లో ఒక హోటల్ అకౌంట్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి, అక్కడ కూర్చుంటే కనిపించే సంగతులు చెబుతాను.

అసలు చూడాల్సింది హోటళ్లు ఎన్ని ఉన్నాయని కాదు, ఆ ఫ్రీ గదికి డబ్బు ఎవరు కడుతున్నారని.

మీ అన్నయ్య కార్డు గీకిన ప్రతిసారీ షాపువాడికి రావాల్సిన డబ్బులో కొంత కోత పడుతుంది. దాన్ని ఎండీఆర్ అంటారు. అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతుంది, దాని పేరు ఇంటర్‌చేంజ్. ఆ డబ్బుతోనే బ్యాంకు హోటల్ కంపెనీ దగ్గర పాయింట్లు టోకున కొని మీ అన్నయ్య ఖాతాలో వేస్తుంది. అవునండి, హోటల్ కంపెనీలు బ్యాంకుకు పాయింట్లు ఊరికే ఇవ్వవు, అమ్ముకుంటాయి. వాటికి అదో మంచి వ్యాపారం. అమెరికాలో 2010లో వచ్చిన డర్బిన్ సవరణ అనే చట్టం డెబిట్ కార్డుల ఇంటర్‌చేంజ్‌కే పగ్గం వేసింది, క్రెడిట్ కార్డుల జోలికి పోలేదు. అందుకే అక్కడ రివార్డు కార్డు మీద బ్యాంకుకు దాదాపు రెండు శాతం ముడుతుంది. పది వేల బిల్లుకు రెండొందలు అనుకోండి. బాకీ మొత్తం కట్టకుండా నెలనెలా నెట్టుకొచ్చేవాళ్ల వడ్డీ అదనం.

యూరప్‌లో 2015 చట్టంతో క్రెడిట్ కార్డు ఇంటర్‌చేంజ్‌ను 0.3 శాతానికి కట్టేశారు. అదే పది వేల బిల్లుకు ముప్పై. ఆ ముప్పైలో బ్యాంకు తన ఖర్చులు చూసుకుంటుందా, హోటల్‌కు పాయింట్ల డబ్బు కడుతుందా? బ్రిటన్‌లో ఒకప్పుడు హిల్టన్ వీసా కార్డు ఉండేది, ఆపేశారు. మారియట్ అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) లాంటివి ఒకటీ అరా మిగిలాయి. ఆస్ట్రేలియాలో కూడా ఇలాంటి పరిమితి ఉంది. జపాన్‌లో మాత్రం హిల్టన్, మారియట్ రెండింటికీ అమెక్స్ కార్డులున్నాయి.

మన దగ్గరా ఇంటర్‌చేంజ్ మీద పరిమితే కారణమని చాలామంది రాస్తుంటారు. కాదు. రిజర్వ్ బ్యాంకు పరిమితి పెట్టింది డెబిట్ కార్డుల ఎండీఆర్‌కే, క్రెడిట్ కార్డులకు అలాంటిది లేదు. ఇక్కడి ఇబ్బంది వేరు.

రాత్రి పన్నెండు దాటాక మా నైట్ ఆడిటర్ స్వైపింగ్ మెషీన్లన్నీ సెటిల్ చేసేవాడు. పొడుగాటి చీటీలు పిన్ను కొట్టి ఉదయానికి నా టేబుల్ మీద ఉండేవి. బ్యాంకు నుంచి వచ్చే షీటుతో వాటిని టాలీ చేయడం నా పని. డెబిట్ కార్డు వరస, క్రెడిట్ కార్డు వరస, విదేశీ కార్డుల వరస, ఒక్కోదానికీ ఒక్కో కోత. విదేశీ కార్డుల దగ్గర కోత చూస్తే ప్రాణం ఉసూరుమనేది. యూపీఐ దగ్గర మాత్రం సున్నా. 2020 జనవరి 1 నుంచి యూపీఐకి, రూపే డెబిట్‌కి ఎండీఆర్ తీసేశారు కదా. ఆ తర్వాత ఆ వరస ఏడాదికేడాది పెరిగిపోయింది. గది బిల్లు ఎంతైనా సరే, కౌంటర్ మీద క్యూఆర్ స్కాన్ చేసి వెళ్లిపోయేవాళ్లు. మా మేనేజర్‌కు అంతకన్నా ఆనందం లేదు. ఆ గెస్టే జగదాంబ దగ్గర బట్టలు కొన్నా, ఎంవీపీ రైతుబజార్‌లో వంకాయలు కొన్నా ఫోనే తీస్తాడు. కార్డు బయటికి రాకపోతే పాయింట్లకు డబ్బు ఎక్కడినుంచి పుడుతుంది?

ఇక మనుషుల లెక్క. దేశంలో క్రెడిట్ కార్డులు పది కోట్లు దాటింది 2024 ఫిబ్రవరిలో. కార్డులున్నవాళ్లలో చాలామందికి రెండు మూడు ఉంటాయి కాబట్టి మనుషులు అంతకన్నా బాగా తక్కువ. వాళ్లలో సొంత డబ్బుతో గొలుసు హోటళ్లలో, అంటే ఒకే పేరుతో ఊరూరా ఉండే హోటళ్లలో, దిగేవాళ్లు ఇంకెంతమంది? మన ఊరే తీసుకోండి. నోవోటెల్ ఉంది, మారియట్ వాళ్ల ఫోర్ పాయింట్స్ ఉంది, ఐటీసీ గ్రాండ్ బే ఉంది. అయినా మామూలుగా చుట్టాలొస్తే దసపల్లా, డాల్ఫిన్, గ్రీన్‌పార్క్ అంటాం, లేదంటే ఇంట్లోనే చాప వేస్తాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా మా హోటల్ నిండేది కంపెనీ మనుషులతో. పరవాడ ఫార్మా వాళ్లు, పోర్టు పని మీద వచ్చేవాళ్లు. అవన్నీ బిల్ టు కంపెనీ. గెస్టు సంతకం పెట్టి వెళ్లిపోతాడు, నెలాఖరుకు నేను ఇన్వాయిస్ పంపితే ఆ డబ్బు ఎప్పటికో వస్తుంది.

వారాంతాల్లో అరకు చూద్దామని వచ్చేవాళ్లు యాప్‌లో బుక్ చేసుకుని వస్తారు. ఫ్రంట్ ఆఫీసులో గొడవలన్నీ ఇక్కడే. మెంబర్‌షిప్ నంబరు చూపిస్తారు, "సార్, మీది యాప్ బుకింగ్, దీనికి పాయింట్లు పడవండి" అని మావాళ్లు చెప్తారు, ఆయనకు కోపం వస్తుంది. మామూలుగా గొలుసు హోటళ్ల పాయింట్లు వాళ్ల సొంత సైట్‌లోనో ఫోన్‌లోనో బుక్ చేస్తేనే పడతాయి. మనవాళ్లు మాత్రం యాప్‌లో ఏది చవకైతే అదే నొక్కుతారు. అది తప్పని నేననను, నేనూ అంతే. కానీ బ్యాంకు కూడా అదే చూస్తుంది. ఐసీఐసీఐ మేక్‌మైట్రిప్‌తో కలిసి కార్డు తెచ్చిందంటే ఊరికే కాదు.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ అనరు. మన దగ్గర మధ్యతరగతికి స్టార్ హోటల్ అంటే పడుకునే చోటు కాదు, తినే చోటు. ఆదివారం బఫే, పుట్టినరోజు, రిసెప్షన్. అందుకే హోటళ్లు బ్యాంకుతో పని లేకుండా భోజనం మెంబర్‌షిప్‌లు నేరుగా అమ్ముకుంటాయి. క్లబ్ మారియట్ అలాంటిదే. "సార్, హోటల్ నుంచి మాట్లాడుతున్నాం" అంటూ మధ్యాహ్నం నిద్రలో వచ్చే ఫోన్లు మీకూ వచ్చే ఉంటాయి. బిల్లులో తగ్గింపు, ఏవో వోచర్లు. మనకు కావాల్సింది అక్కడే దొరుకుతుంటే కార్డుతో ఏం పని?

బ్యాంకులకూ తమ సొంత పాయింట్లంటేనే ముద్దు. హెచ్‌డీఎఫ్‌సీ, యాక్సిస్ పెద్ద కార్డుల పాయింట్లను కొన్ని హోటళ్ల పాయింట్లుగా మార్చుకోనిస్తాయి, రేపు రేటు మార్చుకునే పగ్గం మాత్రం తమ చేతిలోనే ఉంచుకుంటాయి. పైగా కో-బ్రాండ్ కార్డు, అంటే బ్యాంకు ఇంకో కంపెనీ పేరు కలిపి ఇచ్చే కార్డు అయితే, భాగస్వామి మునిగితే కార్డూ మునిగినట్టే. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2024లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఆ పేర్లతో ఉన్న కార్డులు ఏమయ్యాయో చూశాం. రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం కో-బ్రాండ్ భాగస్వామికి లావాదేవీల వివరాలు ఇవ్వకూడదు కూడా. తన గెస్టు బయట ఎక్కడ ఖర్చు పెడుతున్నాడో తెలియని కార్డు మీద హోటల్‌కు అంత ఆసక్తి ఉండదని నా అనుమానం.

అలాగని అసలు లేవని కాదు. 2023లో హెచ్‌డీఎఫ్‌సీ, మారియట్ కలిసి ఒకటి తెచ్చాయి. అప్పట్లో ఏడాదికి 3,000 ప్లస్ జీఎస్టీ, అంటే 3,540. పదిహేను వేల పాయింట్ల లోపు పడే గది ఒక రాత్రికి ఇస్తామన్నారు. ఏడాదికి ఒక్కసారైనా మారియట్‌లో దిగుతారనుకుంటే లెక్క కుదురుతుంది, లేకపోతే వద్దు. అది వీసా మీద కాకుండా డైనర్స్ అనే నెట్‌వర్క్ మీద ఉంది, దాన్ని అన్నిచోట్లా తీసుకోరు, గాజువాకలో చిన్న షాపులో నడవలేదంటే ఆశ్చర్యపోకండి. తీసుకునే ముందు ఇప్పటి ఫీజు, షరతులు బ్యాంకు సైట్‌లో చూసుకోండి.

మీ అన్నయ్య ఇక్కడికొచ్చినప్పుడు హోటల్ బిల్లు ఆయన కార్డు మీదే వేయించండి. అక్కడి హిల్టన్, మారియట్ కార్డులకు విదేశీ లావాదేవీ ఛార్జీ ఉండదు, పాయింట్లూ పడతాయి. మెషీన్ మీద డాలర్లా, రూపాయలా అని అడిగితే రూపాయలే నొక్కమనండి. డాలర్లు నొక్కితే మారకం రేటులో మూడు నాలుగు శాతం దాకా అక్కడే పోవచ్చు. కొన్నిచోట్ల కౌంటర్‌లో కుర్రాళ్లు అడక్కుండానే డాలర్లు నొక్కేస్తారు, చీటీ మీద ఐఎన్ఆర్ అని ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టమనండి.