ఆపిల్ చెట్టు కింద ప్రిమ్‌రోజ్ వాడిపోతుంటే

ఆపిల్ చెట్టు మొదలు దగ్గర నాటిన ప్రిమ్‌రోజ్ (ఒక చిన్న పూల మొక్క) వేసవిలో వాడిపోతోందని, రెండింటికీ ఒకేలా నీరు పెడుతున్నామని మీరు రాశారు. ఇబ్బంది తేమ చాలకపోవడమేనని నా అభిప్రాయం. ఆపిల్‌కు రోజుకు కనీసం 6 గంటల ఎండ, నీరు నిలవని నేల, చలికాలంలో తగినంత చలి కావాలి. నిలదొక్కుకున్న చెట్టు వేర్లు దూరం పోతాయి కనుక అప్పుడప్పుడు బాగా తడిపితే సరిపోతుంది. ప్రిమ్‌రోజ్ వేర్లు పైపొరలోనే ఉండడం వల్ల, అక్కడి తడిని చెట్టు పీల్చుకోగానే ఆకుల అంచులు పసుపుబారి, మొక్క నేలకు వాలిపోతుంది. అయినా ఈ జోడీని విడదీయవద్దు. ఆపిల్ ఆకు తొడగకముందే, వసంతారంభపు ఎండలో ప్రిమ్‌రోజ్ పూస్తుంది, వేసవిలో దానికి కావలసిన నీడను చెట్టే ఇస్తుంది. పూత ముగిశాక మొక్కలను కాండానికి రెండు మూడు అడుగుల దూరానికి మార్చి, గుంతలో మాగిన ఆకు ఎరువు కలిపి, బెరడుకు తగలకుండా చుట్టూ ఎండుటాకులు పరచి, పైమన్ను ఆరకుండా తడుపుతూ ఉండండి.